చిట్టీ, ఎక్కడ?

ఆ గ్యాలరీలో ఆమెని అందరూ తుడుపావిడ అంటారు. పేరు అడిగే తీరిక వాళ్ళకి లేదు, చెప్పే సరదా ఆమెకీ లేదు. ఇరవయ్యేళ్ళుగా హాళ్ళు తుడుస్తోంది, అద్దాల మీద ఊరివాళ్ళ వేలిముద్రలు తుడుస్తోంది. ఇంట్లో ఒకప్పుడు ఆమెకో ముద్దుపేరు ఉండేది, చిట్టి అని. అలా పిలిచేవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు.

ఐదేళ్ళ వయసులో శరణార్థుల క్యాంపులో, రేషన్ కిటికీ దగ్గర తొక్కిసలాటలో తల్లి చెయ్యి జారిపోయింది. పిన్ని కంటపడింది కాబట్టి బతికింది, పిన్నితోనే వేరే క్యాంపుకి లారీ ఎక్కింది. తల్లి జ్వరంతో పోయిందని ఏడాదికి కబురొచ్చింది. పెంచింది పిన్నే, కాదంటే కళ్ళు పోతాయి. కానీ కోపమొస్తే ఆవిడ నోటికి హద్దుండేది కాదు. "మీ అమ్మకి నీకంటే రేషన్ చీటీయే ఎక్కువైంది. దానికోసం నీ చెయ్యి వదిలేసింది," అనేది. విని విని ఆమె అదే నమ్మేసింది.

ఈ నెల పెద్ద హాల్లో కొత్త ప్రదర్శన పెట్టారు. నాలుగు గోడలూ, పైకప్పూ, ఆఖరికి నేల కూడా తెరలే. మధ్యలో నిలబడితే క్యాంపులో నిలబడినట్టే ఉంటుందట. చల్లటి ఏసీలో, పదకొండు నిమిషాల పాటు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, కాఫీలో పంచదార చాల్లేదని గొణుక్కుంటారు. పాత ఫిల్ము ముక్కలు ఏరి తెచ్చి దీన్ని తయారుచేసిన కళాకారుడు దీనికి 'చీటీ' అని పేరు పెట్టాడు. వీధివీధినా పోస్టర్లు.

మొదటిరోజు ఉదయం గ్యాలరీవాళ్ళు తెరల మీద బొమ్మ సరిచూసుకుంటుంటే ఆమె లోపల తడిగుడ్డ పెడుతోంది. ఎడమ గోడ మీద రేషన్ కిటికీ, జనం. మధ్యలో ఒకావిడ, చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. సరిహద్దులో ఎవడో కమ్మ లాగేసినప్పటి చీలిక అది. చిన్నప్పుడు దాన్ని వేలితో తడుముతూనే ఆమె నిద్రపోయేది. తెరమీది మనిషి మెడ రిక్కించి అరిచింది. "చిట్టీ... చిట్టీ... ఎక్కడ..." మిగతాది గోలలో కలిసిపోయింది. కింద ఈ ఊరి భాషలో అక్షరాలు పడ్డాయి: 'నా రేషన్ చీటీ ఎక్కడ?'

చేతిలో తుడుపుకర్ర కిందపడింది. అమ్మ వెతికింది కాగితాన్ని కాదు, తనని. పిన్ని బతికుంటే రెక్క పట్టుకుని లాక్కొచ్చి వినిపించేది.

చేతులైనా తుడుచుకోకుండా మేనేజరు దగ్గరికి పరిగెత్తింది.

"అయ్యా, ఆవిడ మా అమ్మండీ. చిట్టి నా ముద్దుపేరండీ, పిలుస్తోంది నన్నండీ. కింద రాత మార్పించండి."

"క్యాంపులో చీటీని కూడా చిట్టీ అనే అనేవాళ్ళట కదమ్మా? అనువాదం చేసినాయన పెద్ద చదువు చదివారు."

"అనేవాళ్ళండీ. కానీ సాగదీసి పిలిచేది పిల్లల్నండీ. కాగితాన్ని ఎవరైనా అలా పిలుస్తారా? పిలిస్తే పలుకుతుందా?"

మేనేజరు చెడ్డవాడు కాదు, వెంటనే ఫోన్ చేశాడు. కళాకారుడు ఎంతో కదిలిపోయాడట. కానీ పేరే 'చీటీ' అయి కూర్చుంది, పత్రికలూ రాసేశాయి, ఇప్పుడు మారిస్తే ప్రదర్శనకి అర్థం పోతుందన్నాడట. తల్లి పోతే పోయింది, అర్థం పోకూడదు!

మధ్యాహ్నం ఆటలో ఎవరో నీళ్ళసీసా ఒలకబోస్తే ఆమెని లోపలికి పిలిచారు. జనం మధ్య వంగి తుడుస్తోంది. గోడమీంచి అమ్మ పిలిచింది. ఇక నోరు ఆగలేదు, క్యాంపు భాషే వచ్చేసింది.

"ఇక్కడే ఉన్నానే అమ్మా!"

ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు.

ఆట ముగిసి బయటికి రాగానే మేనేజరు ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. "ఎంత బాగా కుదిరిందమ్మా! కళాకారుడు గారు కూడా సరేనన్నారు. రేపట్నుంచి ప్రతి ఆటకీ అక్కడే నిలబడి అలాగే అనండి."

"నా మాటకి కింద ఏమని రాస్తారండీ?"

"'ఇదిగో అమ్మా, చీటీ' అని వేస్తాం."

తలుపు అవతల తర్వాతి ఆట మొదలైంది. అమ్మ పిలిచింది. ఆమె పలకలేదు.