మూడద్దాల దూరం

అద్దం ముందు సూటిగా నిలబడి తల దువ్వుకోవడం మానేశాను. ఇది ఆ అమ్మాయి చలవే.

నాచారంలో మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. నాది మందుల కంపెనీలో ఉద్యోగం. ఆమెది గణితంలో పరావర్తన సమూహాల మీద, అంటే అద్దాల్లో పడే ప్రతిబింబాల లెక్కల మీద పరిశోధన, సాయంత్రాలు ఉప్పల్‌లో ట్యూషన్లు. కిటికీ గట్టు మీద రెండు అద్దపు పలకల్ని టేపుతో ఓరగా అతికించి నిలబెట్టుకుంది. ఇంటికి రాగానే వాటి మధ్య ఒక బొట్టుబిళ్ళ పెట్టేది. అసలు బిళ్ళతో కలిపి ఆరు కనిపించేవి. ఒక్కో బిళ్ళను చేరడానికి ఎన్ని అద్దాలు దాటాలో గాలిలో వేలితో గీస్తూ కూర్చునేది.

రోజూ ఇదేం పిచ్చి అని ఒకసారి విసుక్కున్నాను.

"నడుమ ఎదురుంగ కనవడ్తది సూడక్కా, గదే అన్నిటికన్న దూరం," అంది. "కుడి దిక్కుకెల్లి వోయినా, ఎడమ దిక్కుకెల్లి వోయినా మూడద్దాలు దాటాలె."

పోయిన వానాకాలం డెంగ్యూ జ్వరంతో ఆమె చనిపోయింది. సామాను తీసుకుపోవడానికి ఊరి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. అదే ముఖం, అదే నొక్కుల జుట్టు. పుస్తకాలు సంచిలో సర్దుతూ కిటికీ గట్టు మీది అద్దాల ముందు ఆగిపోయింది.

"గీ నడుమ ఉన్నది అచ్చం నా బిడ్డ లెక్కనే ఉన్నదమ్మా," అంది మెల్లగా. వంగి, ఆ ముఖం మీద చెయ్యి పెట్టింది. "గింత దగ్గరున్నది."

"అవునమ్మా," అన్నాను.