తొందరేం లేదు

ఆ కౌన్సెలింగ్ మేడం ముఖం నాకు తెలియదు, గొంతు ఒక్కటే తెలుసు. కరోనా రోజుల్లో ఆశా వర్కర్లమైన మాకు ధైర్యం చెప్పడానికి సాయంత్రాలు ఫోన్ చేసేవారు. ఎత్తగానే "చెప్పమ్మా, తొందరేం లేదు" అనేవారు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి, జ్వరాల సర్వే రాసి వచ్చాక నాకు నోరు పెగిలేది కాదు. నేను పలకకపోయినా ఆమె ఫోన్ పెట్టేసేవారు కాదు.

ఒకరోజు ఆమె గొంతే పూడుకుపోయి ఉంది. ఏమనాలో తోచక, పొద్దంతా గడపగడపకూ అడిగిన మాటే అడిగేశాను.

"ఇంట్ల ఎంతమంది మేడం? అందరు మంచిగున్నరా?"

"ఇద్దరమమ్మా. మొన్నటిదాకా ముగ్గురం."

నేనూ ఫోన్ పెట్టేయలేదు. ఆమే గొంతు సవరించుకున్నారు.

"నువ్వు చెప్పమ్మా. తొందరేం లేదు."