బ్యారన్‌లో తల్లి గబ్బిలాలు

2022 వేసవి. ఒంగోలులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. ఊరు పెరిగేకొద్దీ గబ్బిలాల రకాలు ఏమవుతున్నాయో చూసే సర్వే మా డిపార్ట్‌మెంటుకు వచ్చింది. టౌను మా కొలీగ్ రమణ గారికి, చుట్టుపక్కల పొలాలు నాకు.

మా పరికరం బ్యాట్ డిటెక్టర్. మన చెవికి అందని గబ్బిలం కూతను పట్టుకుంటుంది. మైకు ముందు నుంచి గబ్బిలం ఒకసారి వెళితే ఒక పాస్. రమణ గారు బైపాస్ లైట్ల కింద నిలబడి రోజూ వందల పాస్‌లు తెచ్చేవారు. ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ ఆయన్ని మెచ్చుకునేవారు. నాకు ముప్పై దాటేవి కావు. అబద్ధమెందుకు, కడుపు మండిపోయేది. ఆయన టీ తాగుతూ నవ్వినా నన్ను చూసే నవ్వారనిపించేది.

నాకున్నదల్లా వాడకం మానేసిన ఒక పొగాకు బ్యారన్. ఆకును వేడికి ఆరబెట్టి క్యూరింగ్ చేసే ఆ గదిలో పగలు టార్చి వేసి చూస్తే మూడు రకాల గబ్బిలాలు, పొట్టకు కరుచుకున్న పిల్లలతో తల్లులు. ఆ స్థలం ప్లాట్ల కోసం అమ్ముడైపోయింది. అమ్మిన రైతు సుబ్బారావు గారే ఒక దారి చెప్పారు.

"సోమవారం పొద్దున పొక్లెయిన్ వచ్చిద్ది మేడమ్. ఈలోపు ఎన్నున్నాయో లెక్కేసి కాలేజీ కాయితం తెండి. పిల్లలు ఎగిరిందాకా ఆపమని కొన్నాయన్ని నేనడుగుతా."

సరేనన్నాను. చీకటి పడే వేళ బయటికి ఎగిరేవాటిని లెక్కేయడానికి రెండు సాయంత్రాలు చాలు. ఆ రెండు సాయంత్రాలూ పక్క వెంచర్ ఆర్చి లైట్ల కింద నిలబడ్డాను. ఎలాగైనా పాస్‌లలో రమణ గారిని మించాలి. మించాను కూడా.

సోమవారం ఆ షీటు ప్రిన్సిపాల్ గారి చేతిలో పెట్టి, నాలుగు మంచి మాటలు విని, మధ్యాహ్నానికి బ్యారన్ దగ్గరికి వెళ్లాను. ఇటుకల కుప్ప ఉంది. సందుల్లో నలిగిపోయిన పిల్లలు.

"మీ కోసం పదకొండింటి దాకా ఆపించానండి," అన్నారు సుబ్బారావు గారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు రమణ గారు నా షీటు తిరగేశారు. "ఇదంతా ఒకటే రకం మేడమ్. లైటు పురుగుల కోసం నాలుగైదు గబ్బిలాలే మళ్లీ మళ్లీ తిరిగుంటాయి. నాదీ అంతే, టౌనులో మిగిలింది అదొక్కటే. మీకు మూడు రకాలు దొరికాయని ఇన్నాళ్లూ నేనే కుళ్లుకుంటున్నా."

రిపోర్టులో బ్యారన్ వరసలో 'లెక్క తీసుకోలేదు' అని రాయాల్సి వచ్చింది. పక్కన కారణం రాసే గడి ఉంటుంది. 'సమయం చాలలేదు' అని రాశాను. ఇప్పుడు విద్యార్థుల్ని సర్వేకి పంపే ముందు ఆ గడి చూపించి, అసలు కారణం నా నోటితోనే చెబుతాను. ఓర్వలేనితనం.