అనుకున్నది, ఉన్నది

మా సారు పోయారని ఈమధ్య ఒక ఆదివారం పొద్దున యారాడ నుంచి వాళ్ళన్నయ్య ఫోన్ చేశాడు. "తమ్ముడు ఎల్లిపోనాడమ్మా" అన్నాడు, అంతే. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నాకు కదలబుద్ధి కాలేదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. గాజువాకలో మందుల షాపు మేడ మీద మా చిన్న కంపెనీ. వేట పడవలకి సముద్రం లోతు చూపించే పెట్టెలు చేసేవాళ్ళం. పెట్టె నీళ్ళలోకి శబ్దం పంపి, అది అడుగున తగిలి తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కపెడుతుంది. లోపలి గడియారం తప్పితే లోతూ తప్పుతుంది. సారుది వేట కుటుంబం. ఆయన చదువుకుని సర్క్యూట్ బోర్డుల వైపు వచ్చారు, అన్నయ్య పడవలోనే ఉండిపోయాడు. మా మొదటి పెట్టె ఆ పడవకే.

కరెంటు ఇవ్వగానే పెట్టెలో ముందు నిద్రలేచే ప్రోగ్రాం పేరు బూట్‌లోడర్. అందులో గడియారం వేగం చూపించే కమాండ్ నేనే రాశాను. అంకెలు ముచ్చటగా వరసలో వచ్చేవి. నా తెలివికి నేనే మురిసిపోయాను, ఖర్మ!

ఒకరోజు వేటలో, యారాడ కొండ పక్కన సముద్రంలో, పెట్టె ఎనిమిది బారల లోతంది. అన్నయ్య అలవాటు కొద్దీ సీసపు గుండు కట్టిన తాడు వదిలాడు. నాలుగు బారలకే గుండు రాయికి తగిలింది. ఆ తాడే లేకపోతే, పెట్టెని నమ్మి ఇంకా ముందుకెళ్ళి పడవ రాళ్ళకి కొట్టుకునేది.

సారు గొంతెత్తలేదు. ఆ పెట్టెని మేడ మీదికి తెప్పించి తెరిచారు. చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని, బోర్డు మీద ఆ గడియారంతో నడిచే చిన్న దీపం నిమిషానికి ఎన్నిసార్లు వెలుగుతోందో పెదాలతో లెక్కపెట్టారు. దూరంగా ఓడ కూత, కిటికీలో ఉప్పుగాలి, ఎర్రగా వెలిగి ఆరే ఆ దీపం. ఆ మధ్యాహ్నం నాలో ఇంకా అయిపోలేదు. గడియారం సరిగ్గా రెట్టింపు వేగంతో పరిగెడుతోంది.

"నీ కమాండు నువ్వు పెట్టిన అంకే నీకు సదివి ఇనిపిత్తందమ్మా. గడియారాన్ని అడిగేవేటి?"

కమాండ్ మళ్ళీ రాయించారు. రెండు వరసలు: అనుకున్నది, ఉన్నది. రెండోది ఇంకో చిన్న గడియారంతో పోల్చి కొలిచిందే కావాలి.

"కొలవడం కుదరకపోతే సున్నా వెయ్యనా సార్?"

"సున్నా కూడా అబద్ధవే. తెలీకపోతే ప్రశ్న గుర్తెయ్యి. సిగ్గేటి?"

లోతు దగ్గరా అదే పద్ధతి పెట్టించారు: శబ్దం తిరిగి రాకపోతే ప్రశ్న గుర్తు.

దినం నాడు యారాడ వెళ్ళాను. ఒడ్డున, ఇసక మీదున్న పడవ పక్కన అన్నయ్య కూర్చుని ఉన్నాడు. "తప్పు నాదే అన్నాడమ్మా తమ్ముడు ఆయాల. నీ పెట్టి కన్నా నా తాడు నయం రా అని ఇన్నేళ్ళూ ఎక్కిరించేను. ఒక్క మాట తిరిగి అన్నేదు."

"ఆ తప్పు నాది, అన్నయ్యా" అన్నాను.

నా వైపు తిరిగాడు. "సూడు, సెప్పనేదు ఎదవ" అని కళ్ళు తుడుచుకున్నాడు. పడవెక్కి, నన్నూ ఎక్కించుకుని, పెట్టె స్విచ్ నొక్కాడు. తెర మీద అనుకున్నది, ఉన్నది, రెండూ ఒక్కటే. ఆ తర్వాత, కింద నీళ్ళు లేని చోట, లోతు దగ్గర ప్రశ్న గుర్తు వెలిగి ఆరుతూ ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.