రుస్తాక్ వేడినీళ్లలో ఒక మోచేయి

ఒమాన్‌లో రుస్తాక్ అనే ఊరి దగ్గర వేడినీళ్ల ఊట ఉందనీ, అందులో మునిగితే కీళ్ల నొప్పులూ చర్మరోగాలూ తగ్గుతాయనీ మా సైట్ డ్రైవర్ చెప్పగా విన్నాను. చర్మరోగాలు అనేసరికి నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అప్పటికి నెల రోజులుగా నా ఎడమ మోచేతి కింద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉంది. స్పర్శ లేని మచ్చ కుష్టు కావచ్చని మా ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉండేది. చిన్నప్పుడు బడికి పోతూ వస్తూ దాన్ని చదువుకుంటూ పెరిగినవాణ్ణి. సూదితో గుచ్చి చూసుకుంటే నిమిషంలో తేలిపోయే సంగతే. కాని నేను పుట్టు పిరికివాణ్ణి.

ఇది తొంభైల మొదట్లో మాట. మస్కట్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో నేను టైమ్ కీపర్ని. వచ్చే సోమవారం బతాకా రెన్యువల్‌కు మెడికల్ ఉంది. బతాకా అంటే ఈ దేశంలో మనల్ని ఉండనిచ్చే కార్డు. మెడికల్‌లో మచ్చ సంగతి బయటపడితే కార్డూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు, ఇంటిదారి పట్టాల్సిందే. అంతకన్నా ముందు రూమ్‌లో తెలిస్తే నా పక్క ఎక్కడ పరుచుకోవాలన్నది ఇంకో బెంగ.

మే నెల శుక్రవారం. పొద్దున ఆరున్నరకు మస్కట్‌లోని రూవిలో బైజా బస్ ఎక్కాను. తోడు గంగారాం అన్న. జగిత్యాల వైపు మనిషి, షట్టరింగ్ కార్పెంటర్, నాలుగేళ్లుగా నా రూమ్‌మేట్. అతనికి మోకాళ్ల నొప్పులున్నాయి. ఆ మోకాళ్లను అడ్డం పెట్టుకుని నేనే బయల్దేరదీశాను. బస్ అంటే చిన్న వ్యాన్. నిండితే గాని కదలదు కాబట్టి తొందరున్నవాళ్లు ఇంకా ముందే రావడం మంచిది.

నా పక్కన కూర్చున్నాయన దారిలో వచ్చే బర్కా ఊళ్లో టైలర్. కడప నుంచి వచ్చాడట. దారి పొడుగునా నా చొక్కానే చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు: "ఈ ఎండకు ఫుల్ చేతులేంది సామీ? మా షాపు కాడికి రా, సగానికి కత్తిరించి కుట్టిస్తా."

నవ్వేసి కిటికీ వైపు తిరిగాను. ముంజేతి గుండీ ఊడలేదు కదా అని ఒకసారి చూసుకున్నాను. గంగారాం అన్న బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

ఎనిమిదికి బర్కా రౌండెబౌట్ దగ్గర దిగాం. మలయాళీ హోటల్లో పరోటా, చాయ్. అక్కడి నుంచి రుస్తాక్‌కు షేర్ టాక్సీ. నలుగురు కుదిరేదాకా అరగంట నిలబడ్డాం. నఖల్ కోట ఎడమ పక్క గుట్ట మీద కనిపించింది. డ్రైవర్ బండి ఆపి చూపిస్తానన్నాడు గాని నేనే వద్దన్నాను. చూడదగ్గ కోటే, మీరు దిగి చూడండి. నా కళ్లకు ఆ రోజు కోటలు ఆనలేదు.

పావు తక్కువ పదికి ఊట దగ్గరున్నాం. పచ్చగడ్డి మొలవని కొండల కింద నీళ్లు తేటగా, కాస్త గంధకం వాసనతో ఉబికి, సన్న కాలువల గుండా ఖర్జూరపు తోటల్లోకి పోతున్నాయి. మగవాళ్లు స్నానం చేయడానికి వేరే గదులు కట్టారు. గంగారాం అన్న లుంగీ ఎగగట్టి మోకాళ్లదాకా దిగి, మొదట కేక పెట్టి, తర్వాత హాయిగా కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న ఒమానీ ముసలాయన ఒకప్పుడు కరాచీలో ఉన్నాడట, ఉర్దూలో మాట కలిపాడు. చొక్కా విప్పి దిగమని నన్ను మూడుసార్లు పిలిచాడు. జలుబని చెప్పాను. వేడినీళ్లు జలుబుకూ మంచివేనన్నాడు. నేను బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటూ కూర్చున్నాను.

పదకొండున్నరకు జుమ్మా నమాజుకని అందరూ లేచి వెళ్లిపోయారు. గంగారాం అన్న చెట్టు నీడలో కునుకు తీస్తున్నాడు. అప్పుడు నేను కాలువ గట్టున మోకరిల్లి, చొక్కా ఎడమ చేయి పైకి మడిచి, మోచేతిదాకా నీళ్లలో పెట్టాను. వేళ్లు చుర్రుమన్నాయి. మణికట్టు మండింది. మచ్చ చుట్టూ మండింది. మచ్చ దగ్గర మాత్రం ఏమీ తెలియలేదు. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. కుడిచేయి పెడితే అంతటా ఒకేలా మండింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని ఏడ్చాను కూడా.

వెనక అడుగుల చప్పుడైంది. గంగారాం అన్న నిలబడి నా చేతినే చూస్తున్నాడు. నేను చొక్కా చేయి కిందికి లాగబోయాను.

"ఉండనియ్ తమ్మీ," అన్నాడు. "మే నెలల ఫుల్ చేతుల అంగీతోని పండుకునేటోన్ని నేను యాడ జూడలే. నువ్వే చెప్తవని ఊకున్న."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రెండు దాటాక గాని తిరుగు టాక్సీ దొరకలేదు. బర్కాలో ఒక ఒమానీ హోటల్లో అన్నం, వేయించిన చేప తెచ్చి, ఇక్కడి పద్ధతి ప్రకారం ఇద్దరికీ ఒకే పెద్ద పళ్లెంలో పెట్టారు. నేను వెయిటర్ని పిలిచి ఇంకో ప్లేటు తెమ్మన్నాను. గంగారాం అన్న అక్కర్లేదని వాణ్ణి పంపించేశాడు. చేప విరిచి నా వైపు జరిపి, అదే పళ్లెంలోంచి ముద్ద కలుపుకున్నాడు.

"మా అమ్మకు గూడ గిదే వచ్చె. సర్కారు దవాఖానోల్లు ఇచ్చిన గోలీలు ఏడాది మింగింది, సాఫయింది. గా ఏడాదంత మాకు వండిపెట్టింది ఆమెనే. తిను. రేపు డ్యూటీ ఇడ్సిపెట్టి రూవిల ఇండియన్ డాక్టర్ తానకు పోదాం. నేనొస్త."

తిన్నాను. పళ్లెంలో అన్న వేళ్లూ నా వేళ్లూ తగిలినప్పుడల్లా ఉలిక్కిపడుతూనే తిన్నాను.

నాలుగుంపావుకు బైజా బస్ దొరికింది. భయం పోయిందని చెప్పను. సోమవారానికి ఇంకా మూడు రోజులే అని దారంతా లెక్కపెట్టుకుంటూనే వచ్చాను. రుస్తాక్ ఊట చూడదగ్గదే. ఎండలు ముదరకముందు వెళ్లండి, జుమ్మా వేళకు దుకాణాలుండవు కనుక తినడానికేమైనా దగ్గరుంచుకోండి. ఒక్కరే మాత్రం వెళ్లకండి.