తెరుచుకోని చీరల ఫోటోలు

సిరిసిల్ల నుంచి వలసపోయి జోల్వాలో పదిహేడేళ్లుగా మగ్గాలు నడుపుతున్న కమలాకర్, ఒక పాత కెమెరా కొన్న నెలకే తానొక పెద్ద ఫోటోగ్రాఫర్‌నని నమ్మేశాడు. ఆ పిచ్చి తనదేనని ఇప్పుడు ఎవరడిగినా ఒప్పుకుంటాడు. ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునే జేపెగ్ పిల్లలకనీ, బరువైన ‘రా’ ఫైల్ మొనగాళ్లకనీ యూట్యూబ్‌లో ఎవరో అన్నారు. మొనగాళ్లలో తాను లేకపోవడమా?

అతను కాపురముండే నవాగామ్‌లో పక్కింటి స్వరాజ్యం ఫోన్‌లో చీరలు అమ్ముతుంది. సిరిసిల్ల వైపు ఆడవాళ్లు ఫోటో చూసే ఆర్డర్ ఇస్తారు. ఆమె ముప్పై చీరలు పరిస్తే, కమలాకర్ ట్యూబ్‌లైటు కింద మోకాళ్ల మీద పాకుతూ అన్నీ ‘రా’లోనే తీసి పంపాడు.

తెల్లారేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

“ఏంది కమలాకర్, ఫోటోలు తెరుసుకుంటలేవు?”

“అవి ‘రా’ ఫైళ్లు వదినా.”

“రా అంటె రావాలె గద! ఒక్కటన్న వస్తలేదు!”

జేపెగ్‌గా మార్చడం రెండు నిమిషాల పని. కానీ అంత తేలిగ్గా దిగివస్తే పరువేం కాను? ఇంకా బరువైన టిఫ్ ఫైళ్లు పంపాడు. ఫోన్ నిండిపోయి, స్వరాజ్యం మనవరాలి వీడియోలు చెరుపుకుంది. అప్పుడు మొహం వేలాడేసుకుని జేపెగ్‌లు చేశాడు. ఆ విసుగులో రంగు సరిచూడలేదు. వంకాయరంగు చీర నీలంగా వెళ్లింది. నీలం చీర కావాలని ఐదుగురు అడిగారు.

స్వరాజ్యం తిట్టలేదు. చీరను ఫోన్ పక్కన పెట్టి చూపించి, “గిప్పుడెట్ల?” అంది. తిట్టినా బాగుండేదనుకున్నాడు కమలాకర్.

అదృష్టం కొద్దీ ‘రా’ ఫైళ్లు చెరపలేదు. చీర ఒళ్లో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. స్వరాజ్యం పక్కనే నిలబడింది.

“ఇంక జర ఎరుపు... ఆఁ, గంతే. ఆపు!”

అతను మళ్లీ జేపెగ్ చేసి ఇస్తే, ఆమె అది ఆ ఐదుగురికీ పంపి, ముందు రంగు తప్పిందని నిజం చెప్పింది. ఐదుగురిలో ముగ్గురు వంకాయరంగే చాలన్నారు.

అప్పటినుంచి ‘రా’ తన దగ్గర ఉంచుకుని, జనానికి జేపెగ్ ఇస్తున్నాడు. ‘రా’ అంటే కచ్చా, అంటే పచ్చిది అని తెలిసి, అతని భార్య నవత నవ్వాపుకోలేక గల్లీ అంతా చెప్పింది. మొన్న ఆదివారం అదే గల్లీలో ఉండే రాజలింగం, ఫోటో తీయించుకోవడానికొచ్చి వాకిట్లోంచి కేకేశాడు.

“కచ్చా ఫోటోగ్రాఫర్ ఉన్నడా?”

“ఉన్న, వస్తున్న,” అంటూ కమలాకర్ కెమెరా మెళ్లో వేసుకున్నాడు.