బిళ్ళకు వారం తెలియదు

మా చిన్న చెల్లెలు పోయి నెల దాటింది. ఆ ఉదయం పూజ ముగించి హారతి పళ్ళెం కింద పెడుతుంటే మదీనాగూడ నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "వదినగారూ, నిద్రలోనే పోయిందండీ" అన్నాడు. ఆ జబ్బు ఎటు తీసుకుపోతుందో రెండేళ్ళుగా ఇద్దరికీ తెలుసు. చెప్పులు వేసుకుని ఆటో కోసం కిందికి దిగాను. కూకట్‌పల్లి నుంచి మదీనాగూడ ఎంత దూరమని! ఆ రోజు ఎంతకీ రాలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పదిమందికీ తెలిసే ఉద్యోగం కాదు ఆమెది. హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో మందుల విభాగంలో పనిచేసేది. డాక్టరు రాసిన మందు ఆ మనిషికి పడుతుందా, మోతాదు సరిపోతుందా, రెండు మందులు ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకుంటాయా అని చూసేది. రోగులు ఆమె ముఖం చూసేవారు కాదు. ఆమె పని సరిగ్గా జరిగిన రోజున ఎవరికీ ఏమీ జరగదు. ఏమీ జరగని రోజును ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మేం గుర్తుపెట్టుకునేవి ఇంటి సంగతులు. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేది, తర్వాత మందుల డబ్బా అడిగేది. అట్టలను కత్తెరతో కత్తిరించి దాచుకుంటే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చేది. "పేరు సగం పోయింది, తారీఖు మొత్తం పోయింది. ఇది ఏం బిళ్ళో ఇప్పుడు దేవుడికి కూడా తెలియదు" అనేది. చదువు రానివాళ్ళ అట్టల మీద నల్ల పెన్నుతో పొద్దుటి బిళ్ళకు సూర్యుణ్ణి, రాత్రి బిళ్ళకు చంద్రుణ్ణి గీసి ఇచ్చేది. మా చుట్టాల్లో ఒక వేళాకోళం ఉండేది: "ఆవిడ వస్తోందట, నగలు బయటే ఉన్నా పర్లేదు, పాత మందులు దాచుకోండే!"

చివరి మూడు నాలుగేళ్ళు ఆమె ఒక పనిలో మునిగిపోయింది. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పోగుపడిన రోగుల వివరాలు చదవడం. మందుల వల్ల ఎవరికి, ఎప్పుడు, ఎందుకు హాని జరిగిందో వాటిలో వెతకడం. దానికి ఆసుపత్రి కమిటీ అనుమతి ఉండాలి. పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు అన్నీ తీసేశాకే ఆమె చేతికి ఇచ్చేవారు. మిగిలేది వయసు, మందు, మోతాదు, రక్తంలో చక్కెర, వచ్చిన రోజు, గంట. ఒక్కో మనిషి ఒక్కో వరస.

ఒకసారి మా ఇంట్లో కూర్చుని అది చూస్తుంటే నేను కాఫీ పట్టుకుని వెనక నిలబడ్డాను. వెంటనే లాప్‌టాప్ మూసేసింది.

"పేర్లు లేవన్నావుగా?" అన్నాను.

"పేర్లు లేకపోయినా మనుషులే కదక్కా. వాళ్ళు ఆసుపత్రికి చూపించుకున్నారు. నీకు చూపించుకోలేదు."

ఆ వరసల్లో ఆమెకు ఒక సంగతి కనబడింది. షుగరు బిళ్ళ వేసుకునేవాళ్ళు కొందరు చక్కెర బాగా పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పి ఎమర్జెన్సీకి వస్తున్నారు. వారాల వారీగా పేర్చి చూస్తే శనివారాలు ఎక్కువ. పెద్ద డాక్టరుగారికి చూపించింది. "శనివారం మనకు సగంమంది సెలవులో ఉంటారమ్మా. చూసేవాళ్ళు తక్కువ, అందుకే" అన్నారాయన.

"అయితే కార్తీకమాసంలో సోమవారాలు ఎందుకు పెరుగుతున్నాయి సార్?"

ఆయన కళ్ళజోడు తీసి చూశారట. "నువ్వు పంచాంగం పట్టుకుని మందులు చూస్తున్నావా?"

"రోగులు పంచాంగం పట్టుకునే మింగుతున్నారు సార్."

ఒక్కపొద్దు. అదీ ఆమె అనుమానం. శనివారం వెంకటేశ్వరస్వామికని, కార్తీకంలో శివుడికని పొద్దంతా పస్తుండి రాత్రి ఒక్కపూట తినేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? కడుపు ఖాళీగా ఉంచి బిళ్ళ మాత్రం మింగితే ఉన్న చక్కెర కూడా పోతుంది. రోగి కాగితాల్లో బీడీ తాగుతారా, మందు తాగుతారా అని ఉంది. ఒక్కపొద్దు ఉంటారా అని ఎక్కడా లేదు.

నమ్మకం కుదరక తనే వెళ్ళి ఓపీ వరసలో కూర్చుంది. పుప్పాలగూడ నుంచి వచ్చిన, పూలు అమ్ముకునే ఒకావిడను అడిగింది, శనివారం ఒక్కపొద్దు సంగతి డాక్టరుకు చెప్పారా అని.

"ఎందుకు చెప్త బిడ్డా? చెప్తే గాయిన తిడ్తడు. దేవుడైతే తిట్టడు."

"మరి ఆ రోజు బిళ్ళ మానేస్తారా?"

"అరె, బిళ్ళ మానితె మళ్ల మీరే తిడ్తరు గద! నేనేడికి పోవాలె, జర నువ్వే చెప్పు."

ఇది నాకు చెబుతూ మా చెల్లెలు పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "బిళ్ళకు వారం తెలియదక్కా. దాని పని అది చేసుకుపోతుంది. తెలియాల్సింది మాకు" అంది.

కానీ కమిటీలో ఆమె వాదన ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి మనిషినీ 'ఏమైనా తిన్నారా?' అని అడిగి రాస్తారు. శనివారం పడిపోయినవాళ్ళలో చాలామంది దగ్గర 'తిన్నారు' అనే ఉంది. తిన్నా పడిపోతున్నారంటే ఆ మందు మోతాదే ఎక్కువ, అందరికీ తగ్గించేద్దాం అన్నారు వాళ్ళు. మా చెల్లెలికి అది భయం. "వేళకు తినేవాళ్ళకు కూడా తగ్గిస్తే వాళ్ళకు చక్కెర పెరుగుతుంది. కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి. ఒకళ్ళను కాపాడబోయి ఇంకొకళ్ళను ముంచుతాం." అప్పటికే ఆమెకు జబ్బు ముదిరింది. జుట్టు రాలిపోయి తలకు గుడ్డ కట్టుకునేది. తీర్మానానికి ఇంకా నెల ఉంది. మా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ వరసలే చూస్తూ ఉండేది.

"వీళ్ళంతా తిని ఎలా పడిపోయారక్కా?" అంది ఒక మధ్యాహ్నం.

నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. చేతులు ఆగిపోయాయి.

అంతకు ఏడాది ముందు, ఒక శనివారం, పూజగది గుమ్మంలో నేను పడిపోయాను. మా కోడలు కారులో వేసుకుని చెల్లెలి ఆసుపత్రికే తీసుకెళ్ళింది. గ్లూకోజు ఎక్కాక కళ్ళు తెరిచాను. ఒకవైపు కోడలు, ఒకవైపు పరుగెత్తుకొచ్చిన చెల్లెలు. నర్సు అడిగింది, "ఏమైనా తిన్నారా అమ్మా?" అని. తిన్నానన్నాను. నాకు షుగరు వచ్చినప్పుడే శనివారాలు మానేస్తానని చెల్లెలికి మాటిచ్చాను. ఆమె నమ్మింది. అక్క అబద్ధం ఆడుతుందని ఆమెకు తోచలేదు.

నేను మళ్ళీ మొదలుపెట్టింది ఆమె కోసమే. జబ్బు అని మొదటి రిపోర్టు వచ్చిన రోజున మొక్కుకున్నాను. మొక్కు బయటికి చెప్పుకుంటే ఫలం పోతుందని మా అమ్మ అనేది. ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆమె ఎదురుగా కూర్చుని, నోరు తెరిస్తే ఏం పోతుందో నాకు తెలుసు. తెరవకపోతే ఎవరెవరి కళ్ళు పోతాయో అదీ ఆమే చెప్పింది. స్వామిని తలుచుకున్నాను.

"ఆ వరసల్లో ఒకటి నాది" అన్నాను.

"తెలుసు. నువ్వు తినే వచ్చావుగా."

"తినలేదు."

లాప్‌టాప్ పక్కకు జరిపింది. "ఎవరి కోసం అక్కా?" అంది.

నేను చిక్కుడుకాయల వంక చూశాను. ఆమె చెయ్యి తలకు కట్టుకున్న గుడ్డ మీదికి పోయింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కళ్ళు తుడుచుకుని, కాసేపటికి మామూలు గొంతుతో, "కోడలు పక్కన లేకపోతే నిజం చెప్పేదానివా?" అంది.

"లేదేమో."

"'తిన్నారా' అని అడక్కుండా, 'ఈరోజు ఒక్కపొద్దా అమ్మా?' అని అడిగితే?"

ఆలోచించాను. "అప్పుడు అవుననేదాన్ని. తినలేదంటే తప్పు చేసినట్టుంటుంది. ఒక్కపొద్దు అంటే తప్పేముంది?"

పెన్ను తీసుకుని ఆ మాట అలాగే, నేను అన్నట్టే రాసుకుంది. రాసుకున్నాక, "అమ్మ మాట గుర్తొచ్చి భయపడుతున్నావు కదూ?" అంది.

"చెప్పుకుంటే ఫలం పోతుందిట."

"పోతే పోనీ అక్కా. ఎవరికో ఒకరికి వెళ్తుందిగా."

కమిటీని బతిమాలి ఎమర్జెన్సీలో కొన్నివారాల పాటు రెండు ప్రశ్నలూ అడిగించింది. మొదటి ప్రశ్నకు తిన్నామన్నవాళ్ళే రెండోదానికి అవునన్నారు. కొందరు వారం కూడా చెప్పారు, ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారో కూడా చెప్పారు. నా పాత కాగితంలో 'తిన్నారు' అన్నది దిద్దాలంటే నా సంతకం కావాలంది. వెళ్ళి పెట్టి వచ్చాను. తీర్మానం రోజున ముక్కుకు మాస్కు కట్టుకుని, మా మరిది చెయ్యి పట్టుకుని వెళ్ళింది. అందరికీ మోతాదు తగ్గించే మాట ఆగిపోయింది. మందు రాసే చోటనే ఆ ప్రశ్న అడగాలని, అవునంటే ఆ రోజుకు బిళ్ళ ఎలా మార్చాలో డాక్టరు చెప్పాలని నిర్ణయించారు. "మొత్తానికి పంచాంగాన్ని కంప్యూటర్లోకి ఎక్కించావమ్మా" అన్నారట పెద్ద డాక్టరుగారు.

ఎక్కడం మాత్రం ఆమె చూడలేదు. వాళ్ళ సాఫ్ట్‌వేరు మార్చడానికి నెలలు పట్టింది. మంచం మీద ఉండి కూడా వేళాకోళం మానలేదు. "కిటికీలోంచి చూస్తే అన్నీ సాఫ్ట్‌వేరు కంపెనీలే. ఒక్క ప్రశ్న పెట్టడానికి మనిషి దొరకట్లేదే!" అనేది. నేను ఆమె కాళ్ళు ఒత్తుతూ నవ్వేదాన్ని.

నేను చెప్పబట్టే పోయిందా? ఈ నెలరోజులూ దీపం ముందు కూర్చుని అదే అడిగాను. జవాబు రాలేదు. రాకపోయినా మళ్ళీ ఆ మధ్యాహ్నం వస్తే చెబుతాననే అనుకుంటున్నాను. ఇంతకన్నా నాకు తెలియదు.

పోయిన వారం షుగరు చూపించుకోవడానికి అదే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గది ముందు ఒక కొత్త నర్సమ్మాయి కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. నేనెవరో ఆమెకు తెలియదు. బరువు చూసింది, బీపీ చూసింది. తెర వంక చూస్తూ, "అమ్మా, వారంల ఏ రోజన్న ఒక్కపొద్దు ఉంటరా?" అంది.

కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. "శనివారాలు ఉండేదాన్ని. ఇప్పుడు లేదు."

"అంటే ఇగ మూడు పూటలా మంచిగ తింటున్నరు గద?"

అవునని తల ఊపితే అయిపోయేది.

"లేదమ్మా. నెల నుంచి సరిగ్గా తినడం లేదు."

"ఏమన్న మొక్కుందా?"

"మొక్కు కాదు. మా చెల్లెలు పోయింది. ముద్ద దిగడం లేదు."

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. మళ్ళీ తెర వైపు తిరిగింది. అక్కడ ఒక్కపొద్దు అన్న మాట కింద ఏడు వారాలకు ఏడు గడులున్నాయి, పక్కన ఇంకేమీ లేదు. ఎక్కడ రాయాలో తెలియక చెయ్యి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ఆదివారం మీద నొక్కింది. సోమవారం మీద నొక్కింది. తొందరపడకుండా, ఒక్కొక్కటిగా, శనివారం దాకా ఏడు గడులూ నింపింది.